వేపముద్ద, బెల్లంముక్క

పాతాళగండి మీద వంతెన ఉందని దారిలో అడిగినవాళ్ళందరూ చెప్పారు గానీ, ఆ వంతెనకు నోరుందని ఒక్కరూ చెప్పలేదు.

పచ్చి లతలతో అల్లిన వంతెన అది. ఈ కొండ భుజం మీంచి ఆ కొండ భుజం మీదికి ఊయలలా వేలాడుతోంది. లతల నిండా ఎర్రెర్రని పూలు, పూల చుట్టూ తుమ్మెదల రొద. లోతు చూద్దామని తొంగిచూస్తే మబ్బులే తప్ప అడుగు కనిపించదు. ఆ మబ్బుల కింద ఎక్కడో నది పారుతున్న చప్పుడు వినీ వినపడకుండా వస్తోంది. ఆ వింత శోభ చూస్తూ సారసపుర రాకుమారి తరళ ఒక్క క్షణం తాను వచ్చిన పని మరిచిపోయింది.

రాకుమారి అని మనకు తెలుసు గనక సరిపోయింది. చూసినవాళ్ళు మాత్రం కొలువులో కొత్తగా చేరిన కుర్ర సైనికుడనే అనుకుంటారు. తలకు పాగా, పెదవి మీద కాటుకతో దిద్దిన నూనూగు మీసం, నడుముకు తాతలనాటి వజ్రఖడ్గం, ఉత్తరీయం చెంగున ముడివేసిన బెల్లంముక్క. తండ్రి వెళ్ళనివ్వనన్నాడు గనక మగవేషం వేసి, కోటగోడ దాటించిన దొంగనే తోడు తెచ్చుకుంది. ఎంత సన్నని సందులోనైనా దూరగలడని వాణ్ణి ఊరంతా జెర్రిపోతు రంగడంటారు.

ఇంత సాహసం ఎందుకంటారా? కంకద్వీపంలో ఉండే మాంత్రికుడు కాలకంకుడు సారసపురానికి సవాలు పంపాడు. “నాది ఒకే ఒక లెక్క. దానికి జవాబు చెప్పే మొనగాణ్ణి పంపండి. లేకపోతే మీ ఊరు సముద్రంలో కలుస్తుంది” అన్నాడు. నిండుసభలో అందరూ నేల చూపులు చూస్తుంటే గురుకులాధిపతి వామదేవాచార్యులు లేచారు. “నాకు రాని లెక్కంటూ ఉందా?” అని నవ్వి, చేతికర్ర పుచ్చుకుని బయలుదేరారు. వెళ్ళినాయన మళ్ళీ రాలేదు. ఊరు మునగలేదు గనక ఊరివాళ్ళు ఊపిరి పీల్చుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. తరళ మాత్రం అన్నం ముట్టలేదు. తల్లిలేని పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇసుకలో ఒంట్లు దిద్దించిన చెయ్యి ఆయనది. ఆయన లేకుండా తనకు తెల్లవారడం ఎలా?

ఇద్దరూ వంతెన నడిమికి వచ్చేసరికి లతల్లోంచి ఎవరో దగ్గారు.

“ఆగండి. నేను సేతుభూతాన్ని. జవాబు చెప్పి కదలండి. నా మీద ఒక మనిషి నడిచి అవతలికి చేరడానికి ఒక గడియ పడుతుంది. ఇద్దరు కలిసి నడిస్తే...”

“రెండు గడియలు!” అంది తరళ, ప్రశ్న పూర్తికాకముందే.

భూతం పకపకా నవ్వింది. వంతెన ఒక్క ఊపు ఊగింది. ముడులన్నీ పటపటా తెగాయి. తరళ కాళ్ళ కింద లతలు విడిపోయి, ఆమె మబ్బుల్లోకి జారిపోయింది. ఒరలోంచి వజ్రఖడ్గం జారి, మెరుస్తూ మెరుస్తూ కిందికి పోయి కనుమరుగైంది. రంగడు మాత్రం తక్కువ తిన్నాడా? తన తలపాగా విప్పి విసిరి, ఒక కొసను పళ్ళతో పట్టుకుని, రెండో కొసను ఆమె చేతికి అందించి, తెగిన లతనే నిచ్చెనగా చేసుకుని కోతిలా అవతలి కొండ ఎక్కేశాడు. ఆమెను గట్టుమీదికి లాగి, తానూ వెల్లకిలా పడి రొప్పాడు.

“అయ్యో అమ్మాయిగారూ, నేనూ మీరూ జంటగా నడుస్తున్నాం గదా! నేను దాటేదాకా మీరు గట్టున కూర్చుని, ఆ తర్వాత నడుస్తారా ఏమిటి, రెండు గడియలు పట్టడానికి?”

తరళ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. “నాకు తెలుసు రంగా. పడిపోతూ ఉండగానే తెలిసింది. ‘కలిసి’ అన్నమాట చెవిన పడగానే నా నోరు కూడేసింది. నన్ను అడగనే లేదు.”

అదే సారసపురం చదువు. అక్కడి గురుకులంలో లెక్క వింటూనే గుర్తుమాట పట్టుకోవాలి. ‘కలిసి’ అంటే కూడు. ‘మిగిలిన’ అంటే తీసెయ్. ‘ఒక్కొక్క’ అంటే హెచ్చవెయ్. ‘తలా’ అంటే పంచు. గురువు అడిగి గంట కొడతారు. ఆ నాదం ఆగేలోగా జవాబు వచ్చి తీరాలి. జవాబు తప్పయినా ఫరవాలేదు, మళ్ళీ వల్లెవేయిస్తారు. కానీ ‘తెలియదు’ అన్నమాట మాత్రం ఆ గోడల మధ్య ఎవరూ అనకూడదు. అన్నవాడి నాలుక మీద అందరూ చూస్తుండగా వేపాకు నూరిన ముద్ద పెడతారు. ఏళ్ళ తరబడి ఆ ఆచారం నడిచి, సారసపురంలో ఆ మాట పలకడమే జనం మరిచిపోయారు. దారి అడిగినా సరే, తెలియనివాడు కూడా ఏదో ఒక దిక్కు చూపిస్తాడు.

“ఏం బాధపడకండి” అన్నాడు రంగడు. “మీ నోరూ నా చెయ్యీ ఒక గూటి పక్షులే. ఏదైనా తళుక్కుమంటే చాలు, నా చెయ్యి దాన్ని తీసి రొంటిన దోపేస్తుంది. ఎందుకు తీశావే అని తర్వాత నేనే దాన్ని అడుగుతుంటాను.”

తరళకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఖడ్గం పోయింది. కాలకంకుడి ముందు ఇక ఏం పట్టుకుని నిలబడాలి? చెంగు తడిమి చూసుకుంది. బెల్లంముక్క మాత్రం భద్రంగా ఉంది.

తర్వాత వాళ్ళు పడ్డ పాట్లు చెప్పుకుంటే భారతమంత. ముళ్ళపాములు కాపలా ఉన్న మొగలివనాన్ని పొగబెట్టి దాటారు. ఉప్పుకయ్యలో మొసలి వీపును బండ అనుకుని ఎక్కి, అది కదిలాక దిగే దారిలేక, దాని మీదే ఊరేగుతూ కంకద్వీపం చేరారు. రంగడు గట్టున దూకి మొసలికి దండం పెట్టాడు.

ద్వీపం మాత్రం స్వర్గంలా ఉంది. పాలరాతి ప్రాకారం. దాని లోపల పండిన మామిడితోపులు, పన్నీరు చిమ్మే చలువరాతి ఏనుగులు, గొలుసులు లేకుండా గాలిలో ఊగే పూల ఉయ్యాలలు. మేడ ముందు బంగారు రేకు తాపడం చేసిన కొయ్య గండభేరుండం రెక్కలు ముడుచుకుని కూర్చుంది. దాని మెడలో కెంపులు పొదిగిన కీలు ఒకటి ఎండకు ధగధగలాడుతోంది. ఆ కీలు వంక చూడవద్దని తరళ రంగడికి కళ్ళతోనే చెప్పింది. ప్రాకారానికీ మేడకూ నడుమ వెన్నెలంత తెల్లని ఇసుక పరిచిన ముంగిలి ఉంది.

ఆ ఇసుకలో మనుషులు కూర్చుని ఉన్నారు.

దేశదేశాల పండితులు, జ్యోతిష్కులు, కరణాలు, పట్టుబట్టలు చీలికలైనవాళ్ళు, గడ్డాలు మోకాళ్ళదాకా పెరిగినవాళ్ళు. అందరూ వంగి, వేళ్ళతో ఇసుకలో అంకెలు వేస్తున్నారు. వేసినది చెరిపి, మళ్ళీ అదే వేస్తున్నారు. ఎవరూ తల ఎత్తరు, పక్కవాడి వంక చూడరు. తరళ ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పరుగెత్తింది. చివరి వరసలో మొండిగోడ పక్కన కూర్చున్నారు వామదేవాచార్యులు.

ఎంత చిక్కిపోయారో! నుదుటి విభూతి చెమటకు కరిగి చారికలు కట్టింది. పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. “ఒక్కొక్క అంటే హెచ్చవెయ్... సగమంటే పంచు... మిగిలిన అంటే తీసెయ్...”

“గురువుగారూ, నేను! మీ తరళను!”

ఆయన చూడలేదు. తరళ ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది చప్పున వదిలేసింది. ఆ వేళ్ళకు గోళ్ళు లేవు. కొసలు అరిగి, తెల్లని ఇసుకగా కొంచెం కొంచెం రాలిపోతున్నాయి. ముంగిలి నిండా పరుచుకున్న ఇసుక ఎక్కడిదో ఆమెకు అప్పుడు తెలిసింది. తాను ఇప్పుడు ఎవరిమీద నిలబడిందో తలుచుకుని ఒళ్ళు జలదరించింది. తలపాగా కొస చింపి, ఒక్కొక్క వేలికీ మెత్తగా కట్టు కట్టింది. కట్టిన వేళ్ళతోనే ఆయన మళ్ళీ అంకెలు వేయడం మొదలుపెట్టారు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పటి సంగతి ఆమెకు గుర్తుకొచ్చింది. ఆ రోజు భిన్నాల పాఠం. “అరను పావుతో భాగించాలి. పావును తిరగేసి హెచ్చవెయ్యి” అన్నారు గురువుగారు. “ఎందుకు తిరగేయాలో తెలియదు గురువుగారూ” అంది తరళ. అంతే, గురుకులమంతా ఆమె వంక తిరిగింది. రాజు కూతురైనా ఆచారం ఆచారమే. ఆయనే స్వయంగా వేపముద్ద పెట్టారు. ఆ సాయంత్రం పూలతోటలో ఒంటరిగా కూర్చుని ఉమ్మేసుకుంటుంటే, అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, ఉత్తరీయం చాటునుంచి బెల్లంముక్క తీసి ఆమె నోట్లో పెట్టిందీ ఆయనే. “ఎవరికీ చెప్పకు తల్లీ” అని తల నిమిరి వెళ్ళిపోయారు. ఎందుకు తిరగేయాలో మాత్రం చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగనూ లేదు.

“ముసలాయన మీద అంత ప్రేమా?” అన్నారెవరో వెనకనుంచి.

పాతికేళ్ళ యువకుడు. చంద్రకావి వస్త్రం, చెవులకు నాగకుండలాలు, నల్లని ఉంగరాల జుత్తు. చూడముచ్చటగా ఉన్నాడు. కళ్ళు మాత్రం వెయ్యేళ్ళ వయసువి. అతని వెనక నలుగురు బేతాళులు పెద్ద కంచుగంటను మోసుకొస్తున్నారు.

“కాలకంకా, ఆయన్ను వదులు” అంది తరళ.

“నేను పట్టుకుంటే గదా! తాను చెప్పిన జవాబు సరైనదేనా అని ఆయనే చూసుకుంటున్నాడు. నీకూ సారసపురం చదువేనా? మరి నా లెక్కకు నువ్వు చెప్పు కుర్రవాడా. సరైన జవాబైతే మీ ఇద్దరూ వెళ్ళిపోవచ్చు. గంట నాదం ఆగేలోగా నోరు విప్పకపోతే నీ తల పగులుతుంది. విను. నా మేడలో డెబ్భైరెండు స్తంభాలు. ఒక్కొక్క స్తంభం మీద తొమ్మిది చిలుకలు. తెల్లవారుతూనే వాటిలో సగం ఎగిరిపోయాయి. చిలుకలు మిగిలిన ఈ మేడలో నా ఆయుష్షు ఇంకా ఎన్నేళ్ళు?”

బేతాళుడు గంట మీద సమ్మెట వేశాడు.

ఆ నాదం వినగానే తరళ నిలువునా కొయ్యబారిపోయింది. అది గురుకులం గంట గొంతు! తు.చ. తప్పకుండా అదే! ఆ గొంతు వింటూనే చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి, వెన్ను నిటారుగా నిలిచింది, నాలుక అంగిట్లో లేచి నిలబడింది. ఒక్కొక్క అంటే హెచ్చవెయ్. ఆరువందల నలభై ఎనిమిది. సగం అంటే పంచు. మిగిలిన అంటే తీసెయ్. మూడువందల ఇరవై నాలుగు! జవాబు నాలుక చివరకు వచ్చేసింది. పెదవి కదలడమే తరువాయి. కాలకంకుడు ముందుకు వంగాడు. వాడి కళ్ళలో ఆకలి కనిపించింది.

ఆకలి దేనికి?

ఆ చూపు చూడగానే తరళ పళ్ళు బిగబట్టింది. నాదం సన్నబడుతోంది. వంతెన మీదా ఇలాగే కదూ నోరు ముందు పరుగెత్తింది? మూడువందల ఇరవై నాలుగు ఏమిటి? చిలుకలు. వాడు అడిగింది ఏమిటి? ఆయుష్షు. చిలుకలకూ వాడి ఆయుష్షుకూ ఏమిటి సంబంధం? ఆమె అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఏ సంబంధమూ లేదు. అయితే జవాబు... ఆ మాట తలుచుకోగానే నాలుక మీద పన్నెండేళ్ళనాటి వేపచేదు తిరిగొచ్చింది. ఈ ముంగిట్లో ఇంతమంది పండితులు అనలేని మాట తాను అనాలి. నాదం దారపు పోగంత సన్నబడింది.

“మిగిలినవి మూడువందల ఇరవై నాలుగు చిలుకలు” అంది తరళ. “అక్కడితో నీ లెక్క అయిపోయింది. నీ ఆయుష్షు సంగతి అందులో ఎక్కడా లేదు. అది నాకు... తెలియదు.”

గంట టప్పున ఆగిపోయింది. అంచు నుంచి పైదాకా సన్నని బీట పడింది.

కాలకంకుడు పెట్టిన కేకకు మామిడితోపులో కాయలు రాలాయి. “ఎవరు నేర్పారు నీకు ఆ మాట? దాన్ని ఆ ఊళ్ళో మాపడానికి నేనెంత పాటుపడ్డాను! సాధువు వేషంలో వెళ్ళి, ఈ గంటకు పుట్టిన పిల్లగంటను మీ గురుకులానికి దానం చేసింది నేను! వేపముద్ద ఆచారం చెప్పింది నేను! ఆలోచించకుండా జవాబు చెప్పేవాళ్ళు ఎన్నేళ్ళంటే అన్నేళ్ళూ నాకు ఆయుష్షుగా వస్తాయి. మీ గురుకులం నా ధాన్యపుకొట్టు!” ఊపిరి తిప్పుకుని, చటుక్కున నవ్వాడు. “సరే, నీమీద నా మంత్రం పారలేదు. ఇద్దరూ పొండి. కానీ నీ గురువు ఇక్కణ్ణుంచి లేవాలంటే, తాను చెప్పిన జవాబును ఆయనే వెనక్కి తీసుకోవాలి. నువ్వన్న మాటే ఆయన నోటితో, మనసారా అనాలి. డెబ్భై ఏళ్ళ జీవితంలో ఒక్కసారి కూడా అనని మాట! అంటాడా?”

తరళ గురువుగారి ముందు ఇసుకలో మఠం వేసుకుని కూర్చుంది. “అనండి గురువుగారూ. ఒక్కమాట. తెలియదు అనండి.”

“మిగిలిన అంటే తీసెయ్” అన్నారాయన. కట్టులోంచి ఇసుక రాలింది.

బతిమాలింది. భుజాలు పట్టి కుదిపింది. ఆయన చూపు అంకెల మీంచి కదలలేదు. కాలకంకుడు నవ్వుతూ మేడమెట్ల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. గురువుగారి చిటికెనవేలు సగం కరిగిపోయింది. తరళకు ఏం చేయాలో తోచలేదు. ఇంత దూరం వచ్చి, కళ్ళముందే ఈయన్ను పోగొట్టుకోవడమేనా? చివరికి గుండె ఆగక, తనను తాను మరిచి, ఏడేళ్ళ పిల్ల గొంతుతో అడిగేసింది.

“గురువుగారూ, పావును ఎందుకు తిరగేయాలి?”

ఆయన వేలు ఇసుకలో ఆగింది.

“అరను పావుతో భాగించాలంటే పావును తిరగేసి హెచ్చవేయమన్నారు. ఎందుకు? నేను ఆ రోజే అడిగాను. మీరు బెల్లం పెట్టారు గానీ చెప్పలేదు.”

ఆయన మెల్లగా తల ఎత్తారు. చాలాసేపు ఆమె ముఖంలోకి చూశారు. కాటుక మీసం కన్నీళ్ళకు కరిగిపోయి, లోపలి పిల్ల కనిపించింది కాబోలు. అన్నేళ్ళ చదువూ అడ్డం పడినట్టు ఆ మాట గొంతులో ఆగింది, దిగింది, మళ్ళీ లేచింది.

“తెలియదు తల్లీ” అన్నారు వామదేవాచార్యులు. “నాకూ తెలియదు. మా గురువుగారు చెప్పలేదు, నేను అడగలేదు. నువ్వు అడిగిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. కాలకంకుడి ఆయుష్షూ నాకు తెలియదు. ఊరికే ఏదో అన్నాను. గంట మోగింది గనక అన్నాను.” అని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు.

తరళ చెంగుముడి విప్పి, బెల్లం కొరికి, సగం ఆయన నోట్లో పెట్టింది. “ఎవరికీ చెప్పకండి గురువుగారూ” అని తల నిమిరింది. ఆయన ఏడుస్తూనే నవ్వారు. అరిగిన వేళ్ళ కొసలు గులాబిరంగు తేలాయి.

మెట్ల మీద కాలకంకుడి జుత్తులో ఒక పాయ తెల్లబడింది.

గురువుగారి మాట ముంగిలంతా వినిపించింది. పక్కనున్న జ్యోతిష్కుడు చెయ్యి ఆపి, “అంత పెద్దాయనకే తెలియదా? అయితే... నాకూ తెలియదు” అని గొణిగాడు. అవతల ఇంకొకరు. ఆ వెనక మరొకరు. తొలకరి చినుకుల్లా ఒక్కొక్కటిగా మొదలై, చూస్తూండగానే జడివానై, ముంగిలి నిండా “తెలియదు, తెలియదు” అన్నమాటే. ఎన్నాళ్ళుగానో మోస్తున్న మూట దించుకున్నవాళ్ళలా పండితులు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. కాలకంకుడి పళ్ళు జలజలా రాలాయి. నడుము విల్లులా వంగింది. తొంభై ఏళ్ళ పండు ముసలివాడైపోయాడు గానీ చావలేదు. ఇసుకైపోయినవాళ్ళ ఏళ్ళు ఇంకా వాడి దగ్గరే ఉన్నాయి.

“ఇదేముంది!” అన్నాడు బోసినోటితో. “మీ గురుకులంలో వందలమంది పిల్లలున్నారు. అందరినీ ఒక్కసారే అడుగుతాను!” అని గండభేరుండం మీదికి ఎక్కి, మెడ తడుముకున్నాడు. కీలు లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. తిట్టుకుంటూ ముసలి గద్దగా మారి, బీటలు పడ్డ గంటను గోళ్ళతో పట్టుకుని, బరువుకు ఊగిపోతూ సముద్రం మీదుగా సారసపురం వైపు ఎగిరిపోయాడు.

తరళ రంగడి వంక చూసింది. రంగడు మామిడిచెట్టు వంక చూశాడు.

“తీయొద్దన్నాను కదూ?”

“నేను తీయలేదమ్మాయిగారూ! ఈ చెయ్యే...” అని రొంటిలోంచి కెంపుల కీలు బయటికి తీశాడు.

“ఆ చేతికి నేను కంకణం చేయిస్తాను. ఎక్కు, త్వరగా!”

పడవలు పంపేదాకా మామిడిపళ్ళు తింటూ ఉండమని పండితులకు చెప్పి, ముగ్గురూ కొయ్యపక్షి మీద కూర్చున్నారు. కీలు బిగించగానే అది కిర్రుమని రెక్కలు విప్పి గాలిలోకి లేచింది. కింద సముద్రం నీలి పట్టుచీరలా పరుచుకుంది. ఎదురుగాలికి గురువుగారి పిలక ఎగురుతోంది. పాపం, ఆయన దారి పొడవునా ఒకటే సాధన చేస్తున్నారు. “తెలియదు... తెలియదర్రా... నాకు తెలియదు పిల్లలూ...” నాలుగుసార్లకు ఒకసారి ఇంకా నాలుక తడబడుతోంది.

తరళ మిగిలిన బెల్లాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. దాన్ని సగం చేసింది. ఆ సగాన్ని పక్కన పెట్టి, పావులెన్నో వేలితో కొలిచి చూసింది. మళ్ళీ మొత్తం ముక్కనూ కలిపి కొలిచింది.

“గురువుగారూ! నిండుముక్కలో పావులు నాలుగు. అదే గదా మనం తిరగేస్తే వచ్చే నాలుగు! ఇక అరముక్కలో దానిలో సగం. రెండు. పావును తిరగేయడమంటే నిండుదాంట్లో పావులెన్నో అడగడమే!”

ఆయన ఆ అరచేతి మీదికి వంగి చూశారు. ఒక్కసారి చూసి, మళ్ళీ చూసి, గాలిలో ఉన్నానన్నది మరిచి లేచి నిలబడబోతే రంగడు పంచె పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. “ఇంతేనా? ఇంత తియ్యనిదాన్నా నేను వేప పెట్టి మూసేశాను?” అన్నారు ముసలాయన.

అల్లంత దూరంలో సారసపురం కనిపించింది. గురుకులం పెంకుల కప్పు, ముంగిట్లో అప్పుడే బడికి చేరిన పిల్లలు తెల్లని పంచెలతో మల్లెమొగ్గల్లా బారులు తీరి ఉన్నారు. వాళ్ళ నెత్తిమీద గద్ద గుండ్రంగా తిరుగుతోంది. కంచుగంట మోగింది. బీటలు పడ్డా అదే గొంతు. పిల్లలందరూ ఒక్కసారిగా చేతులు కట్టుకుని నిటారుగా నిలబడటం పైనుంచి స్పష్టంగా కనిపించింది.

“అందరూ నా పిల్లలే” అన్నారు వామదేవాచార్యులు. “ఆ నాలుకలన్నిటి మీదా వేప పెట్టింది ఈ చెయ్యే. ఇప్పుడు నామాట నమ్ముతారా తరళా?”

“తెలియదు గురువుగారూ” అంది తరళ, బెల్లంముక్క ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూస్తూ.

“ఇది ఎంతమందికి సరిపోతుందే?”

“అదీ తెలియదు. దిగి, పిల్లల్ని చూసి, పంచుదాం.”

రంగడు కీలు కిందికి తిప్పాడు. గండభేరుండం రెక్కలు బిగించి, గంట మోగుతున్న వైపు సూటిగా దూకింది.